బొమ్మ నుంచి వాక్యానికి: పఠనావగాహనలో దృశ్యోపకరణాలు, గ్రాఫిక్ ఆర్గనైజర్లు – ఉత్తర తెలంగాణ తరగతి గది నేపథ్యంలో ఒక విమర్శ

వ్యాససంగ్రహం:

చిత్రాలు, భావపటాలు, పోలిక పట్టికలు, సంఘటనల గొలుసు పటాలు పఠనావగాహనను పెంచుతాయన్నది విద్యారంగంలో దాదాపు నిర్వివాదంగా చెలామణి అవుతున్న అభిప్రాయం. తెలుగు వాక్యనిర్మాణాన్ని, తెలంగాణ పాఠశాలల ఆచరణను, మంచిర్యాల జిల్లా భాషాపరిస్థితిని దృష్టిలో ఉంచుకొని ఈ వ్యాసం ఆ అభిప్రాయాన్ని పరీక్షిస్తుంది. పటం అన్నది చదివిన దానికి ఫలితమా, చదవకపోవడానికి ప్రత్యామ్నాయమా అన్నది ఇందులోని ప్రధాన ప్రశ్న. అసమాపక క్రియల్లో ఇమిడి ఉన్న సంబంధాలను విడదీసి చూపించే పటమే తెలుగు పాఠకునికి ఉపకరిస్తుందనీ, ఒక కేంద్రపదం చుట్టూ కిరణాలు గీయించే అలవాటు ఆ సంబంధాలనే చెరిపివేస్తుందనీ ఈ వ్యాసం వాదిస్తుంది.

కీలకపదాలు: పఠనావగాహన, దృశ్యోపకరణాలు, గ్రాఫిక్ ఆర్గనైజర్, భావపటం, అసమాపక క్రియ, అన్వయం, మంచిర్యాల.

1. ప్రవేశిక

ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో అడుగుపెట్టిన పర్యవేక్షకుని కంట మొదట పడేది గోడ. వర్ణమాల చార్టు, గుణింతాల చార్టు, జంతువుల బొమ్మలు, నడుమ ఒక వృత్తం గీసి చుట్టూ బాణాలు చాచిన మైండ్ మ్యాప్. ఈ గోడకు ఒక చరిత్ర ఉంది. బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో 1980ల మధ్యలో ప్రయోగాత్మకంగా మొదలై, ఆపై ఉమ్మడి రాష్ట్రమంతటా విస్తరించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఉపాధ్యాయులకు ఆరు బోధనాసూత్రాలు నేర్పింది. పిల్లలు చేసిన పనిని ప్రదర్శించి తరగతి గదిని ఆసక్తికరంగా మలచాలన్నది వాటిలో ఒకటి. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు ప్రతి బడికీ కనీస బోధనసామగ్రి ఉండాలన్నది. సర్వశిక్షా అభియాన్ కాలంలో ఒక్కో ఉపాధ్యాయునికి ఏడాదికి 500 రూపాయల చొప్పున బోధనాభ్యసన సామగ్రి నిధి ఉండేది. దాని వెంటే టీఎల్ఎం మేళాలు వచ్చాయి.

ఈ మేళాల గురించి కొంత నిష్ఠూరంగానైనా చెప్పవలసిన మాట ఒకటుంది. మేళాలో చార్టు ఉంటుంది. ఆ చార్టు ఏ పాఠ్యాన్ని చదివించడానికి తయారైందో ఆ పాఠ్యం పక్కన ఉండదు. రంగు, శ్రమ, చేతిపనితనం చూసి బహుమతి ఇస్తారు. దాన్ని వాడుకొని ఒక పిల్లవాడు ఏ వాక్యాన్ని అర్థం చేసుకున్నాడో అడిగే సందర్భం అక్కడ రాదు. పిల్లల పనిని ప్రదర్శించాలన్న సూత్రం క్రమంగా ఉపాధ్యాయుని పనిని ప్రదర్శించాలన్న ఆనవాయితీగా మారింది. చార్టు పఠనసాధనం కాస్తా పాఠశాల పనిచేస్తోందనడానికి సాక్ష్యంగా మిగిలింది.

తెలంగాణలో 2022లో ప్రాథమిక తరగతులకు తొలిమెట్టు, ఆ మరుసటి ఏడు ఉన్నత పాఠశాలలకు ఉన్నతి కార్యక్రమం మొదలయ్యాక, తరగతి స్థాయికి తగినట్టు చదవలేని పిల్లల సంగతి బహిరంగ చర్చలోకి వచ్చింది. అలాంటి పిల్లలకు దృశ్యోపకరణాలు మందని అందరూ అంటున్నారు. మందే కావచ్చు. ఏ జబ్బుకు, ఎంత మోతాదులో, ఎన్నాళ్లు అన్నది తేలవలసి ఉంది.

2. పరిశోధనలు తేల్చినది, తేల్చనిది

బొమ్మతో పాఠం చెప్పాలన్న ఆలోచన పాతదే. కమీనియస్ సచిత్ర వాచకం 1658 నాటిది. గ్రాఫిక్ ఆర్గనైజర్ మాత్రం ఇరవయ్యో శతాబ్దపు ద్వితీయార్ధంలో రూపుదిద్దుకున్నది. సిద్ధాంత వ్యాసాల్లో తరచు కనిపించే ఒక పొరపాటును ఇక్కడే సరిచేయాలి. డేవిడ్ అసుబెల్ 1960లో ప్రతిపాదించిన పూర్వసంఘటకాన్ని గ్రాఫిక్ ఆర్గనైజర్‌కు తొలిరూపంగా పేర్కొనడం పరిపాటి. అసుబెల్ తన ప్రయోగంలో వాడినది బొమ్మ కాదు, గద్యభాగం. అసలు పాఠ్యం కంటే ఎక్కువ అమూర్తమైన స్థాయిలో రాసిన పరిచయ గద్యం అది. దాన్ని గీతలుగా, గడులుగా మార్చినది ఆ దశాబ్ది చివర రిచర్డ్ బారన్ వంటి వారు. అంటే ఆర్గనైజర్‌లోని ఆర్గనైజింగ్ ముందు భాషలో జరిగింది, బొమ్మ తరువాత వచ్చింది. ఈ వరుసను గుర్తుంచుకోవడం అవసరం.

ఆ తరువాతి చరిత్ర తెలిసినదే. 1969లో ఫ్రేయర్ నమూనా, 1970ల తొలినాళ్లలో జోసెఫ్ నోవాక్ భావపటం, 1974లో టోనీ బుజాన్ మైండ్ మ్యాప్, 1986లో డోనా ఓగిల్ కె.డబ్ల్యు.ఎల్. పట్టిక. ఇవన్నీ ఒకే కుటుంబానివన్నట్టు ఒకే పేరుతో పిలవడం వల్ల ఒక ముఖ్యమైన తేడా మరుగున పడుతోంది. నోవాక్ భావపటంలో ప్రతి గీత మీదా ఒక మాట ఉండి తీరాలి. రెండు భావాలూ ఆ మాటా కలిస్తే ఒక వాక్యం కావాలి. బుజాన్ మైండ్ మ్యాప్‌కు ఆ నియమం లేదు, గీత ఉంటే చాలు. మన బడుల్లోకి వచ్చింది రెండోది. గీయడం సులభం కావడమే అందుకు కారణం కావచ్చు.

అమెరికాలో 2000లో వెలువడిన జాతీయ పఠన మండలి నివేదిక, అవగాహనను పెంచుతాయని ఆధారాలున్న వ్యూహాల్లో గ్రాఫిక్ ఆర్గనైజర్లను కూడా చేర్చింది. ప్రశంసించేవారు ఇక్కడితో ఆగిపోతారు. ఆగకుండా ముందుకు వెళ్తే దారి ఇంత నున్నగా లేదు. పటాన్ని విద్యార్థి గీయాలా, ఉపాధ్యాయుడు గీసి ఇవ్వాలా అన్న ప్రశ్న మీద స్టల్, మేయర్ 2007లో ప్రచురించిన ప్రయోగాల్లో, రచయిత గీసి ఇచ్చిన పటాలు పొందిన విద్యార్థులే అన్వయ పరీక్షలో మెరుగ్గా రాశారు. సొంతంగా గీసినవారి శక్తి గీయడంలోనే ఖర్చయిందన్నది పరిశోధకుల వ్యాఖ్య. 2006 నాటి నెస్‌బిట్, అడెసోపేల సమగ్ర సమీక్ష భావపటాల అధ్యయనాలను కలిపి చూసి వాటికి సానుకూల ఫలితాన్నే ఇచ్చింది. 2011లో కార్పికే, బ్లంట్ సైన్స్ పత్రికలో ప్రచురించిన ప్రయోగంలో, పాఠ్యాన్ని ఎదురుగా పెట్టుకొని భావపటం గీసినవారి కంటే, పాఠ్యం మూసివేసి గుర్తున్నది రాసినవారు వారం తరువాత ఎక్కువ గుర్తుంచుకున్నారు.

ఇవి పరస్పరం కొట్టివేసుకునే ఫలితాలుగా కనిపించినా, వీటి నుంచి ఒక ఉమ్మడి సూచన తీయవచ్చు. పటం వల్ల ప్రయోజనం పటంలో లేదు, దాన్ని గీసే లేదా చదివే సమయంలో పాఠకుని మనసు పాఠ్యంతో చేసే పనిలో ఉంది. గీతలు సరిచేయడం, రంగులు నింపడం ఆ పనిని మింగేస్తే నష్టమే. పైన చెప్పిన ప్రయోగాల్లో స్టల్–మేయర్, కార్పికే–బ్లంట్ అధ్యయనాలు ఆంగ్లంలో విజ్ఞానశాస్త్ర పాఠ్యం చదివిన కళాశాల విద్యార్థుల మీద జరిగినవి. అక్షరాలు కూడబలుక్కునే దశలో ఉన్న ఆరో తరగతి తెలుగు విద్యార్థికి వాటిని నేరుగా వర్తింపజేయడం సాహసం. తెలుగు సిద్ధాంత గ్రంథాల్లో ఈ సాహసం అలవాటుగా మారింది.

3. తెలుగు వాక్యమూ బాణం గుర్తూ

ఆంగ్లంలో తయారైన ఆర్గనైజర్లు ఆంగ్ల పాఠ్యంలోని సంకేత పదాలను ఆధారం చేసుకుంటాయి. కారణాన్ని, క్రమాన్ని, వ్యతిరేకతను చెప్పే విడిమాటలు అక్కడ వాక్యాల మధ్య పైకి కనిపిస్తాయి. పిల్లవాడు వాటి కింద గీత గీసి, వాటికి తగిన గడిని ఎంచుకుంటాడు. తెలుగులో కాబట్టి, అందువల్ల, కానీ వంటి మాటలు లేకపోలేదు. అయినా తెలుగు గద్యం తన తర్కభారంలో అధికభాగాన్ని క్రియల చివర ఉండే ప్రత్యయాల మీద మోపుతుంది. ఉదాహరణ కోసం కూర్చిన ఈ వాక్యాన్ని చూడవచ్చు:

ఎగువన వానలు కురిసి ప్రాణహిత పొంగడంతో వేమనపల్లి, కోటపల్లి మండలాల్లో పత్తిచేలు మునిగినా, నీరు తీయగానే మళ్లీ విత్తిన రైతులు కొంత పంటనైనా దక్కించుకోగలిగారు.

మంచిర్యాల జిల్లా తూర్పు అంచున నదికి దగ్గరగా ఉండే పిల్లలకు ఇందులోని విషయం కొత్త కాదు. మాటలూ కఠినమైనవి కావు. అయినా చదవడం వచ్చిన పిల్లలు సైతం ఇక్కడ తడబడవచ్చు. వాక్యం మొత్తానికి సమాపక క్రియ చివరన ఒక్కటే ఉంది. దాని ముందు కురిసి, పొంగడంతో, మునిగినా, తీయగానే, విత్తిన అనే ఐదు అసమాపక రూపాలు వరుసగా నిలబడ్డాయి. ఐదింటిదీ ఐదు రకాల సంబంధం. కురిసి అన్నది క్త్వార్థకం, పొంగడంతో హేతువు, మునిగినా అప్యర్థకం, తీయగానే తక్షణత. విత్తిన అన్నది విశేషణమై రైతుల్లో కొందరిని మాత్రమే వేరుచేసి చూపుతుంది.

ఈ వాక్యానికి మైండ్ మ్యాప్ గీయమంటే ఏం జరుగుతుంది? నడుమ వృత్తంలో వరద అని రాసి చుట్టూ ప్రాణహిత, వేమనపల్లి, పత్తి, రైతులు, పంట అని కిరణాలు గీస్తారు. ఒక్క తప్పూ లేదు. వాక్యం పూర్తిగా అర్థమైన పిల్లవాడూ, నామవాచకాలు మాత్రం ఏరుకున్న పిల్లవాడూ ఒకే పటం గీస్తారు. ఇద్దరికీ ఒకే మార్కు వస్తుంది. రైతులందరికీ పంట దక్కిందా అని అడిగితే మాత్రం తేడా బయటపడుతుంది. విత్తిన అన్న మాటను దాటి వెళ్లిపోయినవాడు అవునంటాడు. పఠనావగాహన ఉన్నచోటా లేనిచోటా ఒకేలా ఉండే పటం, అవగాహనను పెంచడం అటుంచి దాన్ని కొలవడానికి కూడా పనికిరాదు.

గొలుసు పటం గీయిస్తే పరిస్థితి కొంత మెరుగవుతుంది. వానలు, నది పొంగడం, చేలు మునగడం, నీరు తీయడం, మళ్లీ విత్తడం, పంట దక్కడం. ఆరు గడులు, ఐదు బాణాలు. పిల్లవాడు ప్రతి అసమాపక క్రియ దగ్గరా ఆగి దాన్నొక ప్రత్యేక సంఘటనగా గుర్తించక తప్పదు. తెలుగు చదివే పిల్లవాడికి గ్రాఫిక్ ఆర్గనైజర్ చేయగల అసలు మేలు ఇదే. చివరి క్రియ వరకూ పోగుపడి వచ్చే బరువును దారిలోనే దించుకునే వీలు కల్పిస్తుంది.

అయితే బాణం గుర్తుకు అర్థమేమిటి? లక్షెట్టిపేటలో బస్సు దిగి, అంగట్లో బియ్యం కొని, ఇంటికి వెళ్లింది అన్నప్పుడు క్త్వార్థకం కేవలం కాలక్రమాన్ని చెబుతుంది. దిగడం వల్ల బియ్యం కొనలేదు. వానలు కురిసి నది పొంగిందన్నప్పుడు అదే రూపం కారణాన్ని చెబుతుంది. క్త్వార్థకానికీ దాని తరువాతి క్రియకూ ఒకే కర్త ఉండాలన్నది సంప్రదాయ వ్యాకరణ నియమం. కర్త మారినచోట ఆ రూపం హేతువును సూచించడం వాడుకలో సహజం. వ్యాకరణం ఇక్కడ తరగతి గదికి నేరుగా అక్కరకొస్తుంది. ప్రతి బాణం దగ్గరా ఉపాధ్యాయుడు అడగవలసిన ప్రశ్న ఒకటే: తర్వాతనా, వల్లనా? ఈ ప్రశ్న అడగని గొలుసు పటం కాలాన్నీ కారణాన్నీ ఒకే గీతలో కలిపేస్తుంది. విజ్ఞానశాస్త్రం, సాంఘికశాస్త్రం చదివే పిల్లవాడికి ఈ కలగాపులగం పెద్ద నష్టం.

మునిగినా అన్నదాని సంగతి ఇంకా చిక్కైనది. బడికి అందే ఆర్గనైజర్ నమూనాల్లో కారణ–ఫలితానికి గడి ఉంది, క్రమానికి ఉంది, పోలికకు ఉంది. అయినప్పటికీ అనే భావానికి గడి కనిపించడం అరుదు. ఎదురుచూసిన ఫలితం రాలేదని చెప్పే ఈ అప్యర్థకం తెలుగు గద్యంలో అడుగడుగునా ఎదురయ్యేదే. చేలు మునగడానికీ పంట దక్కడానికీ మధ్య మామూలు బాణం గీస్తే, మునగడం వల్లే పంట దక్కిందన్న విపరీతార్థం వస్తుంది. బాణానికి అడ్డంగా ఒక చిన్న గీత గీసి అయినా అని రాయించడం వంటి ఏర్పాటేదో ఉపాధ్యాయుడు స్వయంగా చేసుకోవాలి. నోవాక్ పెట్టిన నియమం, గీత మీద మాట ఉండి తీరాలన్నది, తెలుగుకు ఎందుకు మరింత అవసరమో ఇక్కడ తెలుస్తుంది.

పాఠ్యంలో చెప్పిన క్రమం వేరు, జరిగిన క్రమం వేరు అయినప్పుడు కాలరేఖ ఉపయోగపడుతుంది. సింగరేణి మీద ఒక గద్యభాగం 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడడంతో మొదలై, వెనక్కి వెళ్లి 1871లో విలియం కింగ్ యెల్లందు ప్రాంతంలో బొగ్గును గుర్తించడం చెప్పి, ఆపై 1889లో మొదలైన తవ్వకానికి వచ్చిందనుకుందాం. గని కార్మికుల ఇళ్ల నుంచి వచ్చే మందమర్రి, శ్రీరాంపూర్, బెల్లంపల్లి పిల్లలకు విషయం మీద ఆసక్తి ఉంటుంది. కాలరేఖ గీయిస్తే కథనక్రమం విడిపోతుంది. అదే పాఠ్యం 1871, 1889, 1920 వరుసలోనే చెప్పి ఉంటే కాలరేఖ గీయడం పాఠ్యాన్ని తిరగరాయడమే. భూగర్భ గనికీ ఓపెన్‌కాస్టుకూ పోలికకు వెన్ వృత్తాల కంటే అడ్డం నిలువు గడుల పట్టిక మేలు. వృత్తాలు కలిసేచోట జాగా చాలదు, పైగా ఏ అంశాన్ని బట్టి పోలుస్తున్నారో వృత్తం చెప్పదు.

4. బొమ్మ ఆసరా అయ్యేదెప్పుడు, ముసుగయ్యేదెప్పుడు

ఆకుకూర బొమ్మ, దాని కింద గోంగూర అన్న మాట. పిల్లవాడు వేలు పెట్టి పుంటికూర అని చదువుతాడు. ఉపాధ్యాయుని ముందు రెండు దారులుంటాయి. మాండలికమని దిద్దడం ఒకటి, అర్థం తెలుసు కదా అని మెచ్చుకొని ముందుకు సాగడం మరొకటి. రెండూ అసలు విషయాన్ని వదిలేస్తాయి. పిల్లవాడు అక్షరాలు చదవలేదు, బొమ్మ చదివాడు. గో అన్న అక్షరం కూడా గుర్తించి ఉంటే పు అని మొదలుపెట్టడు. బర్రె, గేదె విషయంలోనూ ఇంతే. పిల్లలు చదివేది అక్షరమా బొమ్మా అన్నది తేల్చడానికి ఇంటిభాషకూ పుస్తకభాషకూ మధ్య ఉన్న ఈ ఎడం తెలంగాణ ఉపాధ్యాయునికి ఖర్చులేని పరీక్షగా ఉపయోగపడుతుంది. ఇంటిమాటను తప్పుపట్టకుండా, అది కూడా సరైన పేరేనని చెప్పి, కింద ఉన్న అక్షరాల దగ్గరికి తీసుకురావాలి.

చదవడం నేర్చుకునే తొలిదశలో మాట పక్కన బొమ్మ ఉంటే ఆ మాటను గుర్తుపట్టడం నేర్చుకోవడంలో ఆటంకం కలుగుతుందని 1970లో ఎస్. జే. శామ్యూల్స్ తన సమీక్షలో హెచ్చరించారు. దృష్టి తేలికైన దారిని ఎంచుకుంటుందన్నది అందులోని తర్కం. ఈ హెచ్చరిక మన సచిత్ర వాచకాల చర్చలో వినిపించదు. తొలి తరగతుల్లో బొమ్మ సాయంతో నెట్టుకొచ్చిన పిల్లవాడికి, బొమ్మలు తగ్గి వాక్యాలు పొడవైన ఎనిమిదో తొమ్మిదో తరగతిలో గానీ తనకు చదవడం రాదన్న సంగతి తెలియదు. అప్పటికి అతణ్ని ఆదుకోవడానికి మిగిలే సమయం చాలా తక్కువ.

దీని అర్థం బొమ్మలు వద్దని కాదు. మంచిర్యాల 2016 అక్టోబరులో పాత ఆదిలాబాద్ జిల్లా నుంచి విడివడింది. గోదావరి తీరపు వ్యవసాయ గ్రామాలు, బొగ్గు గనుల కాలనీలు, కవ్వాల అటవీ ప్రాంతపు గోండు, కొలామ్, నాయక్‌పోడ్ గూడేలు ఒకే జిల్లాలో ఉన్నాయి. తెలుగుతో పాటు ఉర్దూ, గోండీ, కొలామీ, మరాఠీ, లంబాడీ ఇళ్లలో వినిపిస్తాయి. ఇంట్లో కొలామీ మాట్లాడే ఆరేళ్ల పిల్లకు తెలుగు వాచకంలోని మాట రెండు విధాలుగా అపరిచితం. దాని అక్షరమూ తెలియదు, అర్థమూ తెలియదు. అక్షరం కూడబలుక్కున్నా ఆ ధ్వని ఆమెకు ఏ వస్తువునూ స్ఫురింపజేయదు. ఇక్కడ బొమ్మ ముసుగు కాదు, వంతెన. అంటే గోంగూరను పుంటికూరగా చదివిన తెలుగు పిల్లవాడికి తీసివేయవలసిన బొమ్మను, కొలామ్ పిల్లకు ఇవ్వవలసి ఉంటుంది. ఒకే తరగతి గదిలో ఈ రెండు అవసరాలూ పక్కపక్కనే కూర్చుంటాయి. అందరికీ ఒకే చార్టు అన్న పద్ధతి ఈ తేడాను చూడదు.

ఈ ప్రాంతం ఈ సమస్యను ఎప్పుడో ఎదుర్కొన్నది. హైదరాబాదు సంస్థాన కాలంలో హైమెండార్ఫ్ చొరవతో 1940ల్లో నేటి కుమురం భీం జిల్లాలోని మార్లవాయి కేంద్రంగా గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి, నాగరి లిపిలో గోండీ వాచకాలు తయారుచేశారు. లిపి ఎంపిక మీద భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. పిల్లవాడికి తెలిసిన భాషతో చదువు మొదలుకావాలన్న మూలసూత్రం మాత్రం స్పష్టం. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం గోండీ, కొలామీలు సహా ఎనిమిది భాషల్లో ఆ సూత్రాన్ని తిరిగి చేపట్టింది. బొమ్మ చూపి, ముందు ఇంటిభాషలో మాట్లాడించి, ఆపై తెలుగు మాటను దానికి జతచేసి, చివరికి బొమ్మను మూసి మాటను చదివించాలి. ఈ నాలుగింటిలో చివరి మెట్టును వదిలేయడమే తరచు జరిగే లోపం.

5. పటం కథ, అన్వయం: దేశీయ పాఠాలు

దృశ్యం ద్వారా కథను అందించడంలో తెలంగాణకు పరాయి నమూనాలు వెతుక్కోవలసిన అవసరం లేదు. చేర్యాల నకాషీ చిత్రకారులు గీసే నిలువు పటాలు, వాటిని ప్రదర్శిస్తూ కథ చెప్పే ఆశ్రిత కులాలు ఉత్తర తెలంగాణ పల్లెలకు చిరపరిచితం. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగలవారు ఈ సంప్రదాయానికి చెందినవారే. పటం మీద సన్నివేశాలు వరుసలు వరుసలుగా ఉంటాయి. కథకుడు పుల్లతో ఒక్కో బొమ్మను చూపుతూ పాడతాడు. దీన్ని నేటి దృశ్యబోధనకు పూర్వరూపమని పొగిడి వదిలేయడం సులభం. గమనించవలసిన అంశం వేరే ఉంది. ఒక బొమ్మకూ మరో బొమ్మకూ మధ్య ఉన్న సంబంధం పటంలో లేదు. ఎందుకు, ఎలా, ఎవరి వల్ల అన్నవి కథకుని గొంతులోనూ అతని పుల్ల కదలికలోనూ ఉన్నాయి. కథకుడు లేకుండా పటాన్ని గోడకు తగిలిస్తే అది అందమైన బొమ్మల వరుస మాత్రమే. తరగతి గోడ మీది చార్టుకు పట్టిన గతి అదే. పైగా పటం కథ శ్రోతను తయారుచేస్తుంది, పాఠకుణ్ని తయారుచేయడం దాని లక్ష్యం కాదు. బడి లక్ష్యం అది.

సంబంధాలను వెలికితీసే పనిని మన వ్యాఖ్యాన సంప్రదాయం వేరే దారిలో చేసింది. దాని పేరు అన్వయం. మెదక్ ప్రాంతపు కొలిచాలకు చెందినవాడుగా ప్రసిద్ధుడైన మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, తాను అన్వయమార్గంలోనే అంతా వివరిస్తాననీ, మూలంలో ఆధారం లేనిదేదీ రాయననీ, అవసరం లేనిది చెప్పననీ ముందే ప్రతిజ్ఞ చేశాడు. గ్రాఫిక్ ఆర్గనైజర్లకు ఇంతకంటే మంచి గీటురాయి దొరకడం కష్టం. పటంలోని ప్రతి గడికీ పాఠ్యంలో ఆధారం ఉందా? పటంలోని ప్రతి గీతా పాఠ్యార్థానికి అవసరమా? ఈ రెండు ప్రశ్నలకు నిలవని అలంకారాలన్నీ రాలిపోతాయి. క్రియను పట్టుకొని ఎవరు, దేన్ని, దేనితో, ఎక్కడ అని ఆకాంక్ష వెంట ప్రశ్నిస్తూ పోయే ఖండాన్వయ పద్ధతి నిజానికి మాటలతో గీసిన పటమే. ఉన్నత తరగతుల తెలుగు పరీక్షల్లో ప్రతిపదార్థం ఇంకా బతికే ఉంది. గైడులో చూసి కంఠస్థం చేసే వస్తువుగా దిగజారింది గానీ, దాన్ని ప్రశ్నల గొలుసుగా మారిస్తే పద్యబోధనకు వేరే ఆర్గనైజర్ అక్కరలేదు.

కథల విషయంలో కథాపటం మరో ఇబ్బంది తెచ్చిపెడుతుంది. పాత్రలు, స్థలం, సమస్య, పరిష్కారం అనే నాలుగు గడుల నమూనా నీతికథలకు సరిపోతుంది. అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి వంటి రచయితలు గనుల, పల్లెల బతుకు నుంచి తెచ్చిన కథాలోకానికి పరిష్కారం గడి ఇరుకు. గడి ఉంది కనుక పిల్లవాడు దాన్ని ఎలాగైనా నింపుతాడు. కథలో లేని పరిష్కారాన్ని కల్పిస్తాడు, లేదా చివరి పేరాను దించేస్తాడు. ఆ గడి స్థానంలో చివరికి ఏం మారింది, ఏం మారలేదు అని రెండు గడులు పెడితే చాలు.

6. పరిశోధన రూపకల్పనలో కొన్ని చిక్కులు

ఈ అంశం మీద ఎం.ఎడ్., పిహెచ్.డి. స్థాయి పరిశోధనలకు స్థిరపడిన చట్రం పూర్వపరీక్ష, కొన్ని వారాల బోధన, ఉత్తరపరీక్ష. ప్రయోగబృందానికి రంగుల పటాలు, నియంత్రణ బృందానికి సంప్రదాయ పద్ధతి. ఈ సంప్రదాయ పద్ధతి అంటే ఏమిటో నిర్వచించకుండా వదిలేస్తే తులనకు విలువ ఉండదు. ప్రయోగబృందంతో పరిశోధకుడు స్వయంగా ఎక్కువసేపు మాట్లాడి, ఎక్కువ ప్రశ్నలడిగి ఉంటే, వచ్చిన మెరుగుదల పటానిదా, మాటలదా? నియంత్రణ బృందానికి కూడా అంతే సమయం, అవే ప్రశ్నలు పటం లేకుండా ఇస్తేనే తేలుతుంది. బోధించిన పాఠ్యం మీదే, పటం గడులను పోలిన ప్రశ్నలతో పరీక్ష పెట్టడం ఇంకో బలహీనత. అపరిచిత గద్యాన్ని, బొమ్మా పటమూ ఏదీ లేకుండా ఇచ్చి, కొన్ని వారాలు గడిచాక పరీక్షించిన ఫలితం చిన్నదైనా నమ్మదగినది. పాఠ్యాల కఠినత్వాన్ని పదాల సంఖ్యతో కాక వాక్యానికి ఎన్ని అసమాపక క్రియలున్నాయో లెక్కించి చూపితే తెలుగుకు సంబంధించిన ప్రశ్నకు తెలుగు ప్రమాణం దొరుకుతుంది.

పదో తరగతి ప్రశ్నపత్రాల్లో గద్యభాగం చదివి ప్రశ్నలు తయారుచేయమని అడిగే అభ్యాసం పరిచితమే. అవగాహనను కొలవడానికి దీన్ని వాడుకోవచ్చు. ప్రాణహిత వాక్యం చదివి, రైతులందరికీ పంట దక్కిందా అన్న ప్రశ్నను తానుగా వేయగలిగిన విద్యార్థికి విత్తిన అన్న మాట అర్థమైనట్టే. పటం గీసిన బృందంలోనూ గీయని బృందంలోనూ అలాంటి ప్రశ్నలు ఎన్ని వచ్చాయో లెక్కిస్తే, మార్కుల సగటు చెప్పని సంగతులు బయటికి వస్తాయి.

జన్నారం వంటి అటవీ మండలంలో ప్రయోగం చేసేవారికి ఇంకొక చిక్కు ఎదురవుతుంది. పరీక్ష జవాబులు తెలుగులో రాయాలి. పటం సాయంతో ఒక కొలామ్ పిల్ల పాఠ్యాన్ని అర్థం చేసుకొని ఉండవచ్చు, దాన్ని తిరిగి తెలుగు వాక్యంగా రాయడం ఇంకా చేతకాకపోవచ్చు. ఆమెను చదివినది కొలామీలో చెప్పమని, ఆ భాష తెలిసిన స్థానికుని చేత విని మూల్యాంకనం చేయించే ఏర్పాటు పరిశోధన ప్రణాళికలో మొదటినుంచీ ఉండాలి. ఆ ఏర్పాటు లేనంతవరకు, ఆమె ఖాళీగా ఇచ్చిన కాగితం పాఠ్యం అర్థం కాలేదని చెబుతోందో, తెలుగులో రాయడం రాలేదని చెబుతోందో పట్టికలోని సున్నా చెప్పలేదు.